ట్యూన్ చేయిస్తే నా ట్రక్కు గేర్‌బాక్సు నిలుస్తుందా?

ప్రశ్న: నమస్తే అన్నా. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఉద్యోగం సాఫ్ట్‌వేరే గానీ, శని ఆదివారాలు నేనూ మా ఆవిడా కేటరింగ్ చేస్తాం. రెండేళ్ళ కిందట 2016 ర్యామ్ 2500 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 6.7 లీటర్ల కమ్మిన్స్ డీజిల్, ఆటోమేటిక్. ఇప్పటికి 1,18,000 మైళ్ళు తిరిగింది. కిచెన్ ట్రెయిలర్ సామానుతో కలిపి 9,000 పౌండ్లు ఉంటుంది. ఓక్లహోమా సిటీకి వెళ్ళేటప్పుడు ఆర్బకిల్ కొండల దగ్గర బండి కష్టపడుతోంది. ఒక్కోసారి 65లో వెళ్తుంటే, రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీదికి ఎక్కినట్టు కాసేపు వణికి ఆగిపోతోంది. చూడ్డానికి బాగుంటుందని 35 అంగుళాల టైర్లు వేయించాను. ట్యూన్ చేయిస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పిస్తే, 100 హార్స్‌పవర్ పెరుగుతుంది, ఈ బాధలన్నీ పోతాయి, కమ్మిన్స్ ఇంజిన్‌కి ఏమీ కాదు అని ఫ్రెండు ఒకతను వెంటపడుతున్నాడు. పనిలో పనిగా పొగలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, కూడా పీకించేద్దాం అంటాడు. మా ఆవిడకేమో గేర్‌బాక్సు పోతుందని టెన్షన్. ఎవరి మాట వినాలి? ఇంకోటి, భీమవరంలో మా బావమరిది తన ఇసుజు వి-క్రాస్ ఆటోమేటిక్‌కి ఆన్‌లైన్‌లో ఏదో పవర్ బాక్స్ కొంటానంటున్నాడు. కొనొచ్చా?

జవాబు: ఈసారికి మీ ఆవిడ మాటే వినండి.

మీ ఫ్రెండు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ ఇంజిన్ ఇనుప దిమ్మ. ఇంకో 100 హార్స్‌పవర్ అడిగితే ఏమీ అనుకోదు. అయితే ఆ బలం నేరుగా చక్రాలకి పోదు కదా, మధ్యలో గేర్‌బాక్సుంది. ట్యూన్ అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఇంజిన్ గురించే మాట్లాడతారు, చివరికి బిల్లు మాత్రం గేర్‌బాక్సు పేరు మీద వస్తుంది. నేను ఇక్కడ టెక్సస్‌లో ఒక ట్రాన్స్‌మిషన్ షాపులో చాలా ఏళ్ళు పని చేశాను. అక్కడికి వచ్చిన డీజిల్ పికప్‌లలో ట్యూన్ వల్ల ఇంజిన్ పోయిన బండిని చూసిన గుర్తు లేదు. గేర్‌బాక్సు పోయి టో ట్రక్కు మీద వచ్చినవి మాత్రం చాలా చూశాను.

మీ ప్రశ్నకి కంపెనీ ఎప్పుడో జవాబు చెప్పేసింది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, అంతే. మీ సంవత్సరం, అంటే 2016 ర్యామ్ హెవీ డ్యూటీ బండ్ల లెక్క చూడండి. అన్నిట్లో ఉన్నది అదే 6.7 లీటర్ల కమ్మిన్స్. మాన్యువల్ గేర్‌బాక్సు తీసుకున్నవాళ్ళకి కంపెనీ ఇచ్చింది 660 పౌండ్-ఫీట్ టార్క్, అంటే తిప్పే బలం. మీలాగా 68ఆర్ఎఫ్ఈ అనే ఆరు గేర్ల ఆటోమేటిక్ తీసుకున్నవాళ్ళకి 800. 3500 మోడల్‌లో ఐసిన్ కంపెనీ ఆటోమేటిక్ తీసుకుంటే 900. ఇంజిన్ ఒకటే అయినప్పుడు అంకెలు మూడెందుకు? వెనకాల ఉన్న గేర్‌బాక్సు ఎంత పట్టగలదో చూసి ఇంజిన్‌కి కళ్ళెం వేశారు. 1,000 పౌండ్-ఫీట్ ఇవ్వడానికి 2019 దాకా ఆగారు. అప్పుడు కూడా ఇచ్చింది ఐసిన్ ఉన్న బండ్లకే, 68ఆర్ఎఫ్ఈ ఉన్నవాటికి 850 దగ్గరే ఆపేశారు. మీ ఫ్రెండు చేయిస్తానంటున్న ట్యూన్ ప్రకటనల్లో టార్క్ సుమారు 200 పెరుగుతుందని రాస్తారు. అంటే కంపెనీ ఇంజినీర్లు అన్ని పరీక్షలూ చేసి కూడా ఈ గేర్‌బాక్సు మీద పెట్టడానికి జంకిన బరువుని మీరు 1,18,000 మైళ్ళు తిరిగిన పాతదాని మీద పెడతారన్నమాట. పైగా 2007లో ఈ గేర్‌బాక్సు మొదట వచ్చినప్పుడు దాని ముందున్న ఇంజిన్ 650 పౌండ్-ఫీట్‌ది. లోపల కొన్ని మార్పులు చేసుకుంటూ కంపెనీయే దాన్ని 800 దాకా తోసుకొచ్చింది. మీ ట్యూనర్ కోసం దాచిపెట్టిన మిగులు అందులో పెద్దగా లేదు.

ఇప్పుడు లోపల జరిగేది చెప్తాను. ట్యూన్‌లు అన్నీ ఒకేలా పాడుచేయవు, ఎందుకో తెలియాలంటే ఇది తెలియాలి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ప్రతి గేరునీ పట్టి ఉంచేవి క్లచ్ ప్లేట్లు. వాటి మీద కాగితం లాంటి పలచని పొర ఉంటుంది. వాటిని నొక్కిపెట్టేది ఆయిల్ ప్రెషర్. ఆ ప్రెషర్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇప్పుడు నేను ఇంత టార్క్ పంపిస్తున్నానని ఇంజిన్ కంప్యూటర్ చెప్తూ ఉంటుంది, గేర్‌బాక్సు కంప్యూటర్ దానికి తగ్గట్టు ప్రెషర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. నూతిలోంచి నీళ్ళు తోడేటప్పుడు చూడండి. బొక్కెన సగమే నిండిందని పైనుంచి ఎవరో చెప్తే మీరు తాడుని సగం బలంతోనే పట్టుకుంటారు. నిజానికి అది నిండా ఉందనుకోండి, తాడు జారుతుంది, అరచేతులు కాలిపోతాయి. చేతుల్లో బలం లేక కాదు, బరువెంతో అబద్ధం చెప్పారు కాబట్టి.

వైర్ల మధ్యలో తగిలించే పవర్ బాక్సులు చేసేది సరిగ్గా ఆ అబద్ధమే. ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టాన్ని రైలు అంటారు, అందులో ప్రెషర్ కొలిచే సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని, ఉన్నదానికన్నా తక్కువ ప్రెషర్ ఉందని చెప్తాయి. ఇంజిన్ కంప్యూటర్ అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది, బండి ఎగిరి దూకుతుంది. అయితే ఆ కంప్యూటర్ లెక్కలో పడిన డీజిల్ మామూలే, పుట్టిన టార్క్ కూడా మామూలే. అదే మాట గేర్‌బాక్సుకి చేరవేస్తుంది. గేర్‌బాక్సు పాపం 800కి సరిపడా నొక్కుతుంది, మీదికి 950 వచ్చి పడుతుంది. క్లచ్ కొంచెం జారుతుంది. ఆ జారడం చాలాసార్లు సీట్లో కూర్చున్నవాళ్ళకి తెలియనే తెలియదు.

కొంచెమే కదా అనుకోకండి. 800 పౌండ్-ఫీట్ మోస్తున్న క్లచ్ నిమిషానికి 100 చుట్లు జారితే పుట్టే వేడి సుమారు 11 కిలోవాట్లు. మన ఇళ్ళల్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఐదారు ఒకేసారి వేసినట్టు, అదీ అరచెయ్యంత వెడల్పు లేని కాగితప్పొర మీద. ఆయిల్ మాడుతుంది, పొర గాజులా నున్నబడుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది, ఇంకా జారుతుంది.

కంప్యూటర్ ప్రోగ్రామ్‌నే మార్చి రాసే ట్యూన్‌లు కొంచెం నయం, రాసినవాడు తెలిసినవాడైతే. పెంచిన టార్క్‌ని లెక్కల పట్టికల్లో కూడా నిజాయితీగా పెంచి రాస్తే, గేర్‌బాక్సుకి నిజం తెలిసి గట్టిగా పట్టుకుంటుంది. గొడవేమిటంటే, అలా నిజం రాస్తే గేర్‌బాక్సు కంప్యూటర్ "ఇంత నా వల్ల కాదు, తగ్గించు" అని ఇంజిన్ పీక పట్టుకుంటుంది. కస్టమర్‌కి కావల్సిన దూకుడు రాదు. అందుకని చాలామంది ట్యూనర్లు ఆ అంకెను కింద ఆపేసి, డీజిల్ మాత్రం పెంచుతారు. గేరు మారే ఆ అర సెకనులో ఇంజిన్ కావాలనే బలం తగ్గించుకుంటుంది, క్లచ్‌లు ఒకదాన్నించి ఒకటి అందుకోవడానికి. స్పోర్టీగా ఉండాలని దాన్ని కూడా తీసేసేవాళ్ళున్నారు. గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టుంటే జనం దాన్ని పవర్ అనుకుంటారు!

ఒకసారి మా షాపుకి చమురు బావుల దగ్గర పని చేసే ఒకాయన బండి వచ్చింది. మీదాని లాంటిదే. గేర్‌బాక్సు విప్పితే పై గేర్లలో పని చేసే ఓవర్‌డ్రైవ్ క్లచ్ ప్లేట్ల మీద పొర అనేది లేదు. ఒట్టి స్టీలు, అదీ నీలం రంగుకి తిరిగిపోయి ఉంది. "నేనేమీ పెట్టించలేదు, కంపెనీ సరుకే నాసిరకం" అని ఆయన ఒట్టేశాడు. ఇంజిన్ దగ్గర వంగి చూస్తే రైలు సెన్సర్ కనెక్టర్ మీద కొత్త గీతలు. దాన్ని చాలాసార్లు ఊడదీసి పెట్టారు. బాక్సు పీకి ఇంట్లో దాచేసి బండి తీసుకొచ్చాడు. నేనేమీ అనలేదు. అనడానికి ఆయన నా కన్నా పెద్దవాడు, పైగా డబ్బులు నగదుగా ఇచ్చాడు.

సరే, మీ బండి సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ట్యూన్ కాదు, ఆ వణుకు. మీ ఫ్రెండు దాన్ని పవర్ తక్కువై వస్తున్న బాధ అనుకుంటున్నాడు. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించేది టార్క్ కన్వర్టర్, వేగం అందుకున్నాక రెంటినీ గట్టిగా కట్టేసేది దాని లోపలి లాకప్ క్లచ్. నాకైతే ఆ లాకప్ క్లచ్ జారుతోందనిపిస్తోంది. అంటే ఉన్న 800నే పట్టలేక ఇబ్బంది పడుతున్న క్లచ్ మీద ఇంకో 200 పెడదామంటున్నారు. తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ట్రెయిలర్ తీసేసి, వెనక బండ్లేవీ లేని చోట, వణుకు మొదలవగానే ఆక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని ఊరికే తాకండి, బ్రేకు లైటు వెలిగేంత. కన్వర్టర్ లాకప్ వదిలేస్తుంది. ఆ క్షణంలో వణుకు ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఆగకపోతే టైరు బ్యాలెన్సో, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటో చూపించాలి. అవి చవకలో పోతాయి.

ఆ 35 అంగుళాల టైర్లకీ దీంట్లో వాటా ఉంది. మీ బండికి కంపెనీ టైరు ఇంచుమించు 33 అంగుళాలు, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి మామూలుగా 3.42. ఆ లెక్కన 65 మైళ్ళ వేగంలో ఆరో గేరులో ఇంజిన్ నిమిషానికి 1,415 చుట్లు తిరగాలి. 35 టైర్లు వేశాక 1,335కి పడిపోయింది. మీ ఇంజిన్ పూర్తి టార్క్ ఇచ్చేది 1,600 దగ్గర. 9,000 పౌండ్లు వెనకేసుకుని అంత కింద ఆరో గేరులో ఈడిస్తే చిన్న ఎత్తు వచ్చినా మీ కాలు లోపలికి పోతుంది. అప్పుడు ప్రతి సిలిండర్ పేలుడూ సుత్తి దెబ్బలా వెళ్ళి లాకప్ క్లచ్‌కి తగులుతుంది. అందుకే కింది చుట్లలో టార్క్ పెంచే ట్యూన్ అన్నిటికన్నా ప్రమాదం. అదే బరువు, అదే ఎత్తు ఐదో గేరులో ఎక్కితే మీ టైర్లతోనే 1,740 చుట్లు వస్తాయి. పని తేలిక, ఆయిల్ పంపు కూడా చురుగ్గా తిరుగుతుంది.

కాబట్టి ఈ శనివారం నుంచే, రూపాయి ఖర్చు లేకుండా, ట్రెయిలర్ తగిలించగానే బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ బటన్ నొక్కండి. గేరు లివర్ మీది ప్లస్ మైనస్ బటన్లతో ఆరో గేరు రాకుండా ఐదు దగ్గర కట్టేయండి. డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, తాగనివ్వండి. ఆర్బకిల్స్ దగ్గరికి రాకముందే నాలుగుకి దింపినా తప్పు లేదు. డ్యాష్‌బోర్డు స్క్రీన్‌లో ట్రాన్స్‌మిషన్ ఉష్ణోగ్రత పేజీ పెట్టుకోండి. ఎండాకాలం బరువుతో ఎక్కేటప్పుడు 200 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. 220 దాటి అక్కడే తిష్ఠ వేస్తే పక్కన ఆపి, పార్క్‌లో పెట్టి, ఇంజిన్ ఆపకుండా చల్లారనివ్వండి. తర్వాతిసారి టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు కంపెనీ సైజుకి రండి. ఫొటోల్లో కాస్త చిన్నగా కనిపిస్తుంది, అంతకు మించి నష్టం లేదు.

ఆ తర్వాత ఒక మంచి షాపుకి తీసుకెళ్ళి గేర్‌బాక్సు అడుగునుండే ఆయిల్ ప్యాన్ దింపించండి. ప్యాన్ అడుగున అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తటి బూడిద రంగు నుసి మామూలే, భయపడకండి. నల్లటి పొడి, తళుక్కుమనే రేకులు, మాడిన వాసన ఉంటే లోపల అరుగుదల మొదలైనట్టు. ఈ గేర్‌బాక్సుకి ఫిల్టర్లు రెండు, ఒకటి ప్యాన్‌లో పడుకుని ఉండేది, ఇంకోటి మరతో బిగించేది. చాలామంది మొదటిదే మార్చి పంపించేస్తారు, రెండూ మార్చమని నోరు తెరిచి చెప్పండి. ఆయిల్ ఏటీఎఫ్ ప్లస్ 4 మాత్రమే, అన్ని బండ్లకీ సరిపోతుందని డబ్బా మీద రాసున్నది వద్దు.

ఇంకో మాట అడగండి, అడిగితే వాళ్ళకి మీ మీద గౌరవం పెరుగుతుంది: "సీవీఐ రీడింగులు తీసివ్వండి." ఈ కుటుంబం గేర్‌బాక్సుల్లో కంప్యూటర్ ప్రతి క్లచ్‌నీ పట్టించడానికి ఎంత ఆయిల్ పడుతోందో కొలిచి పెట్టుకుంటుంది. దాన్నే క్లచ్ వాల్యూమ్ ఇండెక్స్ అంటారు. ప్లేటు అరిగేకొద్దీ మధ్యలో ఖాళీ పెరిగి ఆ అంకె పెరుగుతుంది. గేర్‌బాక్సు విప్పకుండానే లోపలి అరుగుదల చెప్పే కొలత అది. ఓవర్‌డ్రైవ్ క్లచ్ అంకె ముఖ్యంగా చూడమనండి.

డీపీఎఫ్ పీకించడం గురించి రెండే ముక్కలు. అది ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. అంతకు ముందు పదేళ్ళలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో ఇలా పొగ కాలుష్యం తగ్గించే పరికరాలు పీకేశారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబరులో అంచనా వేసింది. అంతమంది చేశారు కాబట్టి మనకేమవుతుందిలే అని మీ ఫ్రెండు అంటాడు. మీరు ఆ బండితో వ్యాపారం చేస్తున్నారు, పేరు మీద లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉన్నాయి. పైగా డీపీఎఫ్ పీకేస్తే గేర్‌బాక్సుకి ఒరిగేదేమీ లేదు. దాంతో పాటు వేసే ట్యూన్‌లు సాధారణంగా బాగా దూకుడువే ఉంటాయి. వద్దు.

ఇంత చెప్పినా పవర్ కావాలనే ఉంటే, వరస తిప్పండి. ముందు గేర్‌బాక్సు, తర్వాత ఇంజిన్. గట్టి కన్వర్టర్, ఓవర్‌డ్రైవ్‌లో ఎక్కువ ప్లేట్లు, ఆయిల్‌ని క్లచ్‌లకి పంచే వాల్వ్ బాడీ లీకుల్లేనిది వేయించి గేర్‌బాక్సుని కొత్తగా కట్టించడానికి నాకు తెలిసిన షాపుల్లో ఏడెనిమిది వేల డాలర్లు అవుతుంది, కూలి విడిగా. దాని మీద, కాలిఫోర్నియా ఎయిర్ బోర్డు అనుమతి నంబరు (ఈఓ నంబరు) ఉన్న చిన్న టోయింగ్ ట్యూన్, అంటే 30, 40 హార్స్‌పవర్‌ది, వేసుకుంటే హాయిగా తిరుగుతుంది. ఇంజిన్‌ని ముట్టుకోకుండా గేర్‌బాక్సు ప్రోగ్రామ్ మాత్రమే మార్చే ట్యూన్‌లు కూడా ఉన్నాయి. ప్రెషర్ కొంచెం పెంచి, తక్కువ చుట్లలో లాకప్ పడకుండా చూస్తాయి. మీ రకం వాడకానికి నాకు నచ్చేది అదే. కాకపోతే ఆరోగ్యంగా ఉన్న గేర్‌బాక్సుకి వేస్తే ఆయుష్షు పెరుగుతుంది, లోపల అరిగినదానికి వేస్తే పాత సీళ్ళ మీద ప్రెషర్ పెరిగి చావు ముందుకొస్తుంది. అందుకే సీవీఐ అంకెలు రాకముందు అది కూడా చేయించొద్దు. యూజ్డ్ కార్ డీలరు దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏమైనా కొని ఉంటే కాగితాలు తీసి చదవండి. మార్పులు చేసిన బండికి చెల్లదని అందులో రాసి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక భీమవరం బావమరిది గారికి. వి-క్రాస్‌లో ఉన్నది 1.9 లీటర్ల చిన్న ఇంజిన్, 360 న్యూటన్-మీటర్లు. ఆన్‌లైన్‌లో అమ్మే బాక్సుల్లో కొన్ని నేను పైన చెప్పిన సెన్సర్ అబద్ధం రకం. మెకానిక్ స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌కి గుచ్చితే చాలు అనే చవకవి కొన్నిట్లో లైట్లు వెలగడం తప్ప ఏమీ ఉండదు, అవే మేలు, కనీసం హాని చేయవు. గేర్‌బాక్సుని బట్టి టార్క్ ఇవ్వడం అక్కడ కూడా ఉంది. మన దేశంలో అమ్మే టొయోటా హైలక్స్ చూడమనండి. అదే 2.8 లీటర్ల ఇంజిన్, మాన్యువల్‌కి 420 న్యూటన్-మీటర్లు, ఆటోమేటిక్‌కి 500. ఆయన రొయ్యల చెరువు గట్ల మీద, బురదలో, మెల్లగా తిప్పే మనిషైతే కన్వర్టర్ ఎక్కువసేపు లాకప్ లేకుండానే తిరుగుతుంది. ఆయిల్ వేడెక్కేది అక్కడే. ఆ బాక్సుకి పెట్టే డబ్బుతో గేర్‌బాక్సు ఆయిల్ ఒకసారి మార్పించుకోమనండి. విజయవాడ వెళ్ళి షోరూంలో చేయించుకుంటే ఇంకా మంచిది, బాక్సు జోలికి పోకపోతే ఇంజిన్ సెట్టింగులు మార్చిన బండి అని వారంటీ దగ్గర పేచీ కూడా రాకుండా ఉంటుంది.

బ్రేకు పెడల్ పరీక్ష ముందు చేయండి. వణుకు ఆగిందో లేదో, ఓవర్‌డ్రైవ్ సీవీఐ ఎంత వచ్చిందో, అయస్కాంతం మీద ఏముందో ఫొటో తీసి మళ్ళీ రాయండి. ఆ మూడూ చూశాక కన్వర్టర్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, మొత్తం దింపాలా అన్నది చెప్తాను. అప్పటిదాకా ఓక్లహోమా ఆర్డర్లు ఒప్పుకోకండి, డాలస్ చుట్టుపక్కలే చూసుకోండి.